ఏడు పిందెలు

మా కోడలు మేడ మీద ప్లాస్టిక్ తొట్లలో తోట వేసింది. సీతమ్మధారలో ఇప్పుడు మట్టి నేల ఎక్కడుంది గనక, ఉన్న నాలుగు గజాల్లోనూ కార్లు పెట్టుకుంటున్నాం. మొన్న పొద్దున్నే నన్ను పైకి పిలిచి, "అత్తయ్యా, ఆనపపాదుకి ఎన్ని పిందెలు పడ్డాయో చూడండి" అంది. లెక్కపెడదామని చెయ్యి చాచాను. చూపుడువేలు దానంతటదే మడుచుకుపోయింది. మడిచిన వేలి కణుపుతోనే ఒక్కొక్క పిందెనీ చూపించాను. ఆ పిల్ల నవ్వి, "వేలికేమైంది అత్తయ్యా, నొప్పా?" అంది.

"అలవాటు" అన్నాను.

అది అలవాటు కాదు. పిందెను వేలు చాచి చూపిస్తే కుళ్లి రాలిపోతుందని మా వైపు నమ్మకం. చూపించక తప్పకపోతే వేలు మడిచి చూపించాలి. ఈ వయసులో నాకు ఆ నమ్మకం లేదు. అయినా నా వేలు చాచుకోదు. పదేళ్ల పిల్లప్పుడు అది ఒక పని చేసింది. వేలు చేసిన దానికన్నా పెద్ద పని నోరు చేసింది. అది ఇన్నేళ్లూ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబితే తిట్టే వాళ్లు కూడా మిగల్లేదు.

అప్పట్లో మేం పట్నంలో ఉండేవాళ్లం కాదు. విశాఖపట్నానికి ఉత్తరంగా భీమిలి రోడ్డులో బస్సు దిగి, సరుగుడు తోటల్లోంచి ఇసకలో కాళ్లీడ్చుకుంటూ గంటసేపు నడిస్తే కొండ కింద ఒక పంపుహౌసు, దాని పక్కన పన్నెండు క్వార్టర్లు. అంతే మా లోకం. దుకాణం లేదు, సినిమా లేదు. ఉత్తరాలు కూడా వారానికి రెండుసార్లే వచ్చేవి. నాన్న ఆ పంపుహౌసులో మోటార్లు నడిపేవాడు. పట్నానికి నీళ్లు పంపడం ఆయన ఉద్యోగం. మా కుళాయికి మాత్రం మధ్యాహ్నం అరగంట వచ్చేవి, ఎండాకాలంలో అదీ దారమంత ధార. "లోకానికి నీళ్లు పోసేవాడి ఇంట్లో గాబు ఎండిపోనాది సూడండర్రా" అని నాన్న నవ్వేవాడు. అమ్మకి మాత్రం నవ్వొచ్చేది కాదు.

ఆ ఏడాది చలి వెనకబడగానే మామ్మ, అంటే నాన్న వాళ్లమ్మ, మా దగ్గరికి వచ్చేసింది. చుట్టపుచూపుగా కాదు. పట్నానికి అవతలి వైపున ఉండే వాళ్ల ఊరు ఉక్కు ఫ్యాక్టరీకి పోయింది. ఇళ్లు పడగొట్టేశారు, పొలాలు చదును చేసేశారు. మామ్మ ఒక బట్టల మూట, ఒక చేట, ఒక ఎండిన ఆనపకాయ బుర్ర పట్టుకుని లారీ దిగింది. ఆ బుర్ర ఊపితే లోపల గలగలమంది. మూత తీసి అరచేతిలో ఒంపుకుంది. ఐదు గింజలు.

"నిరుడు ఊరు కాళీ చేయమన్నారు కదా, పాదు పెట్టనేదు. ఎలకలు తినగా ఇవే మిగిల్నాయి" అంది మామ్మ. "మా అత్త నాకిచ్చినాది. ఆవిడికి ఆవిడ అత్త ఇచ్చినాది. ఇవి పోతే మరి ఇంకెక్కడా నేవు."

మర్నాడు నాన్న పెరట్లో గొయ్యి తవ్వి పెంట ఎరువు తెచ్చి పోశాడు. ఐదు గింజల్లో మూడు మొలిచాయి. పక్క క్వార్టరు కోడి రెండింటిని పీకేసింది. ఆ రోజు మామ్మ ఆ కోడిని తిట్టిన తిట్లకి దాని యజమానురాలు వారం రోజులు మాతో మాట్లాడలేదు. మిగిలిన ఒక్క మొక్క చుట్టూ ముళ్లకంప నాటి, మామ్మ దాని పక్కనే గోనె పరుచుకుని కూర్చునేది.

నాన్న సరుగుడు కర్రలతో పందిరి వేశాడు. సెలవులు ఇచ్చేసరికి పాదు పందిరెక్కింది. పక్కనే గోంగూర, బెండ, నాలుగు మిరప మొక్కలు కూడా వేశాం. అవి ఎండిపోయినా ఎవరూ బెంగ పెట్టుకోలేదు. బియ్యం కడిగిన నీళ్లు ఆనపపాదుకే. నేనూ అన్నయ్యా కూడా పాదు మొదట్లోనే కాళ్లు కడుక్కోవాలి. అన్నయ్య ఒకసారి ఇంకొక రకం నీళ్లు కూడా పోయబోయి మామ్మ చేతిలో చేట దెబ్బ తిన్నాడు.

ఆ పాదు ఎదుగుదలలో ఇంకొకరి చెయ్యి ఉంది. ఆవిడని మేం చేపల పిన్ని అనేవాళ్లం. సముద్రం ఒడ్డు పల్లె నుంచి నెత్తిన గంప పెట్టుకుని రోజు విడిచి రోజు వచ్చేది. తడిమన్నులాంటి రంగు, సన్నగా పొడుగ్గా ఉండేది, ముక్కుకి రెండు వైపులా ముక్కెరలు. క్వార్టర్లలో ఆడవాళ్లు గుమ్మంలోనే బేరమాడి పంపేసేవాళ్లు. మా పెరట్లోకి మాత్రం తిన్నగా వచ్చి గంప దించేది.

"మామ్మా, ఈయేల కవళ్లు ఉన్నాయి, సూడు ఎలగ మెరుత్తన్నాయో. ఈ పొలుసూ పేగులూ పారీకు. పాదు మొదట్లో పాతీ. తీగ లగెత్తుతాది."

చేపలు కడిగిన నీళ్లు కూడా ఆవిడ సలహాతోనే పాదుకి పోశాం. నిజంగానే తీగ లగెత్తింది. బేరం అయ్యాక మామ్మా ఆవిడా పందిరి నీడలో కూర్చుని చుట్ట వెలిగించుకునేవాళ్లు, నిప్పు నోటి లోపలికి పెట్టుకుని. అమ్మకి ఆ వాసన పడక వంటింటి తలుపు వేసుకునేది. నాకు ఆ వాసన ఇష్టం. చేపల వాసన, చుట్ట వాసన, తడి మట్టి వాసన కలిసిపోయి ఉండేవి. పోయిన ఊరి కబుర్లు మామ్మ ఆవిడకే చెప్పుకునేది. నాన్నకి చెబితే బాధపడతాడని, అమ్మకి చెబితే పని చెడుతుందని. క్వార్టర్లలో మిగతా ఆడవాళ్లకి మామ్మ మాట నవ్వులాటగా ఉండేది.

పిన్ని నా కోసం కొంగున గవ్వలు కట్టుకుని తెచ్చేది. నన్ను మోకాళ్ల మధ్య కూర్చోబెట్టుకుని పేలు చూసేది. "ఈ గుంటని నాకిచ్చీ మామ్మా, పెంచుకుంతాను" అనేది. మామ్మ "పట్టుకుపో, తిండిపోతు" అనేది. ఇద్దరూ నవ్వేవాళ్లు. పెళ్లయి పదేళ్లు దాటినా ఆవిడకి పిల్లల్లేరని ఒకసారి అమ్మ నా చెవిలో చెప్పింది. ఆవిడ ముందు ఆ మాట ఎత్తొద్దని కూడా చెప్పింది.

ఆ సెలవుల్లో నాన్న మమ్మల్ని బాగా తిప్పాడు. ఆదివారం వస్తే చాలు, సద్దన్నం మూటగట్టుకుని బయల్దేరేవాళ్లం. ఒక వారం జీడితోటలకి వెళ్లాం. జీడిపళ్ల రసం గౌను మీద పడితే ఆ మరక ఇక పోదు. నాకున్న ఒక్క మంచి గౌనూ ఆ రోజుతో సరి. నాన్న ఎండుటాకుల్లో జీడిపిక్కలు కాల్చాడు. చల్లారక ముందే నోట్లో వేసుకుని అన్నయ్య పెదవులు కాల్చుకున్నాడు. ఇంతలో తోట కాపలావాడు కర్ర పట్టుకుని వస్తే అందరికన్నా ముందు పరిగెత్తింది నాన్నే, లుంగీ ఎగ్గట్టుకుని. "పంపుహౌసు ఆపరేటరు మరియాద కాపాడుకోవాలి కదే" అన్నాడు తర్వాత, ఆయాసపడుతూ. ఇంకో వారం ఎర్రమట్టి దిబ్బలకి వెళ్లి తాటిమట్టల మీద కూర్చుని జారాం. ఇంటికొచ్చేసరికి ఎవరు ఎవరో తెలియలేదు. కడగడానికి నీళ్లు లేవు. అమ్మ మమ్మల్ని గుడ్డతో దులిపి, గుమ్మం బయటే పులిసిన తరవాణి అన్నం పెట్టింది.

తర్వాతి వారం హార్బరుకి అన్నాడు నాన్న. పెద్ద ఓడ ఒకటి వచ్చింది, తెలిసినవాళ్లు ఉంటే ఎక్కి చూడనిస్తారు. నాన్నకి తెలిసినవాడున్నాడు. పంపుహౌసుకి పైపులు తెచ్చే లారీ ఆదివారం పొద్దున్న తిరిగి వెళ్తుంది, అందులో వెళ్లి సాయంత్రం బస్సులో రావడం. నేను అప్పటికి ఓడని దూరం నుంచి చూశానే తప్ప ఎక్కలేదు. వారం రోజులు ఓడ తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. ఓడలో వంటిల్లు ఉంటుందా, మంచాలు ఉంటాయా అని అన్నయ్యని తినేశాను.

శనివారం మామ్మ అరికాల్లో సరుగుడు పుల్ల దిగింది. కాలు వాచిపోయి నేల మీద ఆన్చలేకపోయింది. పాదుకి అప్పుడే ఏడు పిందెలు పడ్డాయి. మధ్యాహ్నం కుళాయి వచ్చినప్పుడు బిందె పట్టి పాదుకి పోసేవాళ్లు ఉండాలి. ఆ ఎండకి ఒక్క పూట నీళ్లు తప్పితే పిందెలు నిలవవు.

"గుంటని ఒగ్గీసి ఎళ్లండి" అంది మామ్మ. "ఆడపిల్ల ఓడలెక్కి ఏటి సేత్తాది?"

నేను ఏడ్చాను, నేల మీద పొర్లాను. నాన్న మెత్తబడ్డాడు గానీ అమ్మ నా చెయ్యి పట్టుకుని, "మళ్లీ తీసుకెళ్తారమ్మా, మామ్మకి నువ్వే కదా దిక్కు" అంది. మళ్లీ ఎవరూ తీసుకెళ్లలేదు, అది వేరే సంగతి. లారీ వెనకెక్కి అన్నయ్య నాకు చెయ్యి ఊపాడు. వాడి మొహంలో నా మీద జాలి కనబడింది. వెక్కిరించినా బాగుండేది.

మామ్మ లోపల మంచం మీద కాలు చాపుకుని పడుకుంది. మధ్యాహ్నం కుళాయి వచ్చింది. బిందె నిండే లోపు నా కోపం కూడా నిండింది. నీళ్లు మోసుకెళ్లి పాదు మొదట్లో పోశాను. తల ఎత్తి చూస్తే పందిరి కింద ఏడు పిందెలు వేలాడుతున్నాయి, నూగుతో, బొటనవేలంత. వీటి కోసం నా ఓడ పోయింది.

వేలు చాచాను. మడవలేదు. ఒక్కొక్క పిందె దగ్గరికీ వెళ్లి, దానికి తగిలీ తగలనంత దగ్గరగా వేలు పెట్టి, "నువ్వు, నువ్వు, నువ్వు" అని ఏడింటినీ చూపించాను. చాలదనిపించి రెండో చేత్తో మళ్లీ చూపించాను. పొరపాటున కాదు, తెలిసే చేశాను. రాలిపోవాలనే చేశాను.

అది అయిన కాసేపటికే వీధిలోంచి "సేపలో" అని కేక వినబడింది. పిన్ని వచ్చింది. మామ్మ కాలు చూసి, ఉప్పు కాపడం పెట్టి, పెరట్లోకి వచ్చి పందిరి కింద నిలబడింది. నడుం మీద చేతులు వేసుకుని పైకి చూస్తూ చాలాసేపు ఉండిపోయింది.

"ఓలమ్మో, ఎన్ని పిందెలే! మామ్మ నోము పండినాది. సూడవే అమ్మీ, ఎంత ముద్దొత్తన్నాయో" అంది. మొహం వెలిగిపోయింది. వేలు చాచలేదు. చేతులు నడుం మీదే ఉన్నాయి. ఆ సంగతి నాకు బాగా గుర్తు, ఎందుకంటే నేను ఆ చేతుల వైపే చూస్తున్నాను.

నాలుగో రోజుకి మొదటి పిందె కొస పసుపెక్కింది. ఆరో రోజుకి నల్లగా మెత్తబడి రాలింది. ఆ తర్వాత రోజుకొకటి, రెండు. రాలిన పిందెలు మామ్మ కొంగులో వేసుకుని గుమ్మంలో కూర్చునేది. ఏడ్వలేదు. మామ్మ ఏడ్వకుండా కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి. ఊరు పోయినప్పుడు లారీ దిగుతూ కూడా మామ్మ ఏడ్చింది.

నాకు అన్నం సయించలేదు. నా వేలికి అంత బలం ఉందని నేను అనుకోలేదు. వేలు మీద ఉప్పు రాసుకున్నాను, గోడకేసి రుద్దుకున్నాను. ఏడో పిందె కూడా రాలిన రోజు మామ్మ అందర్నీ పెరట్లో నిలబెట్టింది.

"ఎవులు సూపెట్టినారు?"

నాన్న లేదన్నాడు. అన్నయ్య లేదన్నాడు. నా దగ్గరికి వచ్చింది. కుంటుకుంటూ వచ్చి గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది.

"నువ్వేటైనా సూపెట్టినావేటే? నిజం సెప్పు, నానేటీ అన్ను."

"నాను కాదు" అన్నాను.

"మరి ఆలందరూ ఓడ సూడ్డానికెళ్లిన రోజు ఇంట్లో నువ్వూ నానే కదా. పాదు కాడికి ఇంకెవులొచ్చినారు?"

నేను చెప్పాను. "సేపల పిన్ని వచ్చింది. పాదు కింద నిల్చుని చాలాసేపు చూసింది."

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అదే నన్ను ఇప్పటికీ పీడిస్తుంది. అబద్ధం చెప్పి ఉంటే ఎప్పుడో ఒకప్పుడు బయటపడేదేమో. నిజాన్ని తీసుకెళ్లి ఎక్కడ పెడితే ఏం జరుగుతుందో పదేళ్లకే తెలిసిపోయింది నాకు.

మామ్మ నా గడ్డం వదిలేసింది. కాసేపు పందిరి వైపు చూసింది. "పిల్లల్నేని కన్ను" అంది, తనలో తాను అనుకున్నట్టు.

"అలా అనకండత్తా, పాపం" అంది అమ్మ.

"నాననీదేటి, కాయలే సెప్తన్నాయి."

మర్నాడు పిన్ని వచ్చింది. పెరటి దడి దగ్గర మామ్మ అడ్డంగా నిలబడింది. అరవలేదు, తిట్టలేదు. కోడిని తిట్టినట్టు తిట్టి ఉన్నా బాగుండేది.

"ఇటు రాకమ్మీ. ఈదిలోనే ఉండు."

"ఏటైనాది మామ్మా?"

"పిందెలు రాలిపోనాయి. ఏడూను."

పిన్ని నెత్తి మీద గంపతో అలాగే నిలబడింది. "అయ్యో" అంది ముందు. అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక మొహం మారింది. "నానేటి సేసినాను మామ్మా? నాను సెయ్యి కూడా ఎత్తనేదు. అమ్మీ ఉన్నాది కదా అక్కడే, అడుగు దాన్ని" అంది.

మామ్మ నా వైపు చూడలేదు. పిన్ని చూసింది. నేను గుమ్మం పక్కన నిలబడి గౌను అంచు నములుతున్నాను. ఇప్పుడు చెబుతుంది అన్నట్టు చూసింది. నేను లోపలికి వెళ్లిపోయాను. వంటింట్లో గాబు వెనక కూర్చుని చెవులు మూసుకున్నాను. చెవులు తీసేసరికి ఆవిడ వెళ్లిపోయింది. మామ్మ ఎండుమిరపకాయలూ ఉప్పూ దిగదుడిచి పొయ్యిలో పడేస్తోంది. ఇల్లంతా మిరప ఘాటు కోరు వచ్చి అందరం దగ్గాం.

పన్నెండు ఇళ్లు ఉన్న చోట మాట పాకడానికి ఎంతసేపు? చంటిపిల్లలున్న ఇళ్లవాళ్లు ఆవిడ కేక వినబడగానే తలుపులు వేసుకునేవాళ్లు. మూడు నాలుగు సార్లు వచ్చింది. చివరిసారి వీధి మధ్యలో గంప దించుకుని కూర్చుంది. ఒక్కరూ రాలేదు. లేచి గంప తనే ఎత్తుకోబోయింది. నిండు గంప ఒక్కరే నెత్తికెత్తుకోవడం కష్టం, ఎప్పుడూ మామ్మ ఒక చెయ్యి వేసేది. రెండుసార్లు ప్రయత్నించి, మూడోసారి మోకాలి మీదికి లేపి ఎత్తుకుని వెళ్లింది. కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. మరి రాలేదు.

ఆ తర్వాత పాదుకి మూడు పిందెలు పడ్డాయి. ఈసారి మామ్మ పాత చీర చింపి, ఎవరి కంటా పడకుండా పిందెలకి గుడ్డ చుట్టింది. వదులుగా సంచిలా కట్టి, పైన దారంతో బిగించింది. రెండు ఎండకి వాడాయి. ఒకటి నిలిచింది. పిడికిలంత అయింది, చెంబంత అయింది, సన్నటి మెడా గుండ్రటి పొట్టా తేలాయి. మామ్మ గుడ్డ విప్పి అందరికీ చూపించింది, వేలు మడిచి.

"సూసినారా? కన్ను పడకుండా సేత్తే నిలిచినాది. నానన్నది అబద్దమేటి?"

నాన్న కూడా తల ఊపాడు. పాపం అన్న అమ్మ కూడా ఊపింది. ఆ కాయ నిలిచినందుకు ఇల్లంతా సంబరపడుతుంటే, అది కూడా రాలిపోతే బాగుండునని నాకనిపించింది. అప్పుడైనా పిన్ని తప్పు కాదని తేలేది. మళ్లీ అంతలోనే మామ్మ మొహం చూసి, అలా అనుకున్నందుకు ఇంకా ఏడుపొచ్చేది. విత్తనానికని ఆ కాయకి సున్నం బొట్టు పెట్టి తీగ మీదే ముదరనిచ్చారు. తర్వాత కోసి పొయ్యి పైన ఉట్టిలో ఆరబెట్టారు. పోయిన ఊళ్లోంచి మామ్మకి మిగిలింది అదే. అది దక్కింది.

సెలవుల చివర్లో నాన్న మమ్మల్ని సముద్రానికి తీసుకెళ్లాడు. ముందు నడిచింది వాళ్లు, వెనకబడింది నేను. ఏ పల్లె వైపు వెళ్తున్నామో నాకు తెలుసు. ఇసకలో చేపలు ఆరబోసి ఉన్నాయి. కాకుల్ని తోలుతూ పిన్ని కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేచింది. కోపగించుకుంటుందనుకున్నాను. "రాయే అమ్మీ" అంది. "ఎలగ నల్లబడిపోనావో. మామ్మ కాలు తగ్గినాదా?"

"తగ్గింది."

"పాదు కాసినాదేటి?"

"కాసింది. ఒకటి. గింజలకి ఉంచారు."

ఆవిడ తల ఊపింది. కర్రతో ఇసక మీద గీస్తూ, "నాను రావడం మానేత్తే కాసినాది. అయితే నాదే కన్ను" అంది. ఆ గొంతులో కోపం లేదు. వానొచ్చేలా ఉందని చెప్పినట్టు చెప్పింది. "నానెరగను సూడు ఇన్నాళ్లూ. పోన్లే, గింజ దక్కినాది, అదే సాలు."

నేను నోరు తెరిచాను. "పిన్నీ" అన్నాను.

"ఏటమ్మీ?"

ఆవిడ వంగి నా మొహంలోకి చూసింది. నాలిక చివరి దాకా వచ్చింది మాట. ఒక్క మాట. చూపించింది నేను. "దాహమేస్తంది" అన్నాను.

గుడిసెలోకి వెళ్లి ముంతతో నీళ్లు తెచ్చింది. తాగాను. నీళ్లు ఉప్పగా ఉన్నాయి. తాగుతుంటే మా పక్క క్వార్టరావిడ చంటిపిల్లాడిని ఎత్తుకుని అటు రావడం కనబడింది, ఆ రోజు మాతోపాటు వచ్చారు వాళ్లు కూడా. పిల్లాడు పిన్ని ముక్కెరల వైపు చూసి చెయ్యి చాచాడు. ఆవిడ గబుక్కున మొహం సముద్రం వైపు తిప్పుకుంది. వాళ్లు దాటి వెళ్లేదాకా అటే చూస్తూ నిలబడింది. నా పేలు చూసేటప్పుడు నా మెడ మీద ముద్దు పెట్టుకునే మనిషి.

నేను ముంత ఇసకలో పెట్టేసి పరిగెత్తాను.

వానలు పడ్డాక నాన్నకి బదిలీ అయింది. పట్నంలోకి వచ్చేశాం. మామ్మ ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది. ప్రతి ఏడూ పాదు పెట్టింది, ప్రతి పిందెకీ గుడ్డ చుట్టింది. ఆవిడ పోయాక గింజలు అమ్మకి, అమ్మ దగ్గర్నుంచి అన్నయ్యకి వచ్చాయి. వాడు ఎలమంచిలిలో ఇల్లు కట్టుకుని అక్కడ వేశాడు. మా కోడలి మేడ మీది తోటలో పాకుతున్నది వాడు పంపిన గింజే. మామ్మ బతికుండగా చెప్పాల్సింది, చెప్పలేదు. మొదట్లో దెబ్బలకి భయం. తర్వాత మామ్మ బాధపడుతుందని. ఆ తర్వాత, ఇన్నేళ్లయ్యాక ఎందుకని. చెప్పకపోవడానికి నాకు కారణం ఏనాడూ కరువవలేదు.

మొన్న వేలు మడిచిన రోజునే, కోడలు చిన్న చిన్న గుడ్డ సంచులు తెచ్చి పిందెలకి తొడగడం మొదలుపెట్టింది. "దిష్టికా?" అన్నాను.

"దిష్టేంటి అత్తయ్యా, ఈగకి. లేత పిందెని ఈగ కుట్టి లోపల గుడ్లు పెడుతుంది. పురుగు పట్టి నాలుగైదు రోజుల్లో కుళ్లి రాలిపోతుంది. గుడ్డ కడితే కుట్టలేదు, అంతే." తొట్టి పక్కన రాలి ఉన్న పిందెను తీసి గోటితో చీల్చి చూపించింది. లోపల తెల్లటి పురుగులు, బియ్యపు నూకంత, మెలికలు తిరుగుతున్నాయి.

ఆ ఏడు పిందెల్లో ఒక్కటైనా చీల్చి చూసి ఉంటే! ఎవరూ చూడలేదు. మామ్మ కొంగులోనే ఉన్నాయి, ఒక్క గోటి గాటు పెడితే సరిపోయేది. వేలు చెయ్యలేదు, కన్ను చెయ్యలేదు. నా వేలు ఏ పాపమూ ఎరగదని ఇన్నేళ్లకి తేలింది. ఆ మాట విని నా మనసు తేలికపడాలి కదా. పడలేదు. పిందెల తప్పు ఈగ తీసుకుంది. మిగిలింది ఏ ఈగా తీసుకోదు. దడి దగ్గర నిలబడి ఆవిడ నా వైపు చూసిన చూపు అలాగే ఉంది.

అప్పుడే వీధిలో చేపలావిడ కేక వినబడింది. ఇప్పుడు గంపలు లేవు, ఆటోలో అల్యూమినియం బేసిన్లు పెట్టుకుని వస్తారు. పిట్టగోడ మీంచి వంగి, "ఒకసారి పైకి రామ్మా" అని పిలిచాను. కోడలు వింతగా చూసింది. ఆవిడ చెమట తుడుచుకుంటూ మెట్లెక్కి వచ్చింది. చేపల కోసం కాదని తెలిసి తెల్లబోయింది.

"మా పాదు చూసి పో" అన్నాను.

ఒక్క క్షణం నాకేమైనా పిచ్చేమో అన్నట్టు చూసి, పాదు వైపు తిరిగింది. పైనుంచి కిందికి తీరిగ్గా చూసింది. "బాగా కాసినాదమ్మా" అంది. వేలు తిన్నగా చాచి, "అదిగో, ఆ ఆకు కింద ఇంకోటుంది సూడు, దానికి గుడ్డ కట్టనేదు మీరు" అంది. మేమిద్దరం చూడని పిందె అది.

ఎండలో వచ్చిందని మంచినీళ్లు ఇచ్చాను. తాగి గ్లాసు ఇస్తూ, నా మొహంలో ఏం కనబడిందో, "ఏటమ్మా, ఏటైనాది?" అంది.

"ఈ గింజ మా మామ్మది. చిన్నప్పుడు భీమిలి రోడ్డు వైపు నీలాగే చేపలమ్మే ఒకావిడ ఉండేది. ఈ పాదుకి ఎరువు ఎలా వేయాలో ఆవిడే చెప్పింది" అన్నాను. ఇంకా చెప్పబోయాను. ఆవిడ మొహంలోకి ఉత్సాహం వచ్చింది.

"బీమిలి రోడ్డంటే మా అమ్మ కన్నోరి పల్లె అటేపేనమ్మా. ఆవిడ ఇప్పుడుంటే ముసిలిదయ్యుంటాది. ఆ పల్లెల్లో మాకందరూ తెలుసు, కనుక్కుని సెప్తాను" అంది. "ఆవిడి పేరేటి?"

ముంతతో ఉప్పునీళ్లు తాగించిన మనిషి. నా తల ఒళ్లో పెట్టుకున్న మనిషి. గవ్వల లెక్క చెప్పగలను, ముక్కెరలు ఏ వైపు వంగి ఉండేవో చెప్పగలను.

"అడగలేదమ్మా" అన్నాను. "ఎప్పుడూ అడగలేదు."